ఉక్కు మీద వెలుతురు: చేతి కత్తుల ఛాయాచిత్రాలకు తీర్పు, దిద్దుబాటు

విషయ పరిధి

చేతితో చేసిన కత్తిని కొనదలచినవారు, పోటీలో దానికి తీర్పు చెప్పేవారు, దాని గురించి పుస్తకాల్లో రాసేవారు కూడా ఆ వస్తువును ముందుగా, చాలాసార్లు చివరిదాకా, ఛాయాచిత్రంలోనే చూస్తారు. పిడి అరచేతిలో ఎలా ఇముడుతుందో, బరువు ఎక్కడ తూగుతుందో, అంచు ఎంత పలచగా దిగిందో చేతికి తెలిసే సంగతులు. ఛాయాచిత్రం వీటిలో ఒక్కదాన్నీ నేరుగా చెప్పలేదు గాని, కంటికి దొరికే ఆనవాళ్లను బట్టి ఊహించుకునే వీలును మాత్రం కల్పించగలదు. ఏ ఛాయాచిత్రం ఆ వీలును ఎంతమేరకు కల్పిస్తోంది, కల్పించనప్పుడు లోపం ఎక్కడుంది, దాన్ని సరిచేసే దారి ఏమిటి అన్న మూడు ప్రశ్నలే ఈ సమీక్షకు విషయం.

ఇక్కడ వాడే మాటలను ముందే నిర్దేశించుకోవడం అవసరం. పిడి దాటి బయట ఉండే ఉక్కు భాగం అలుగు. కోసే అంచు వాదర. దానికి ఎదురుగా ఉండే మందపాటి అంచు వెన్ను. అలుగు ముఖాన్ని వాదర వైపు పలచబడేట్టు అరగదీసిన తలం వాలు. ఆ వాలు మొదలయ్యే గీత వాలు గీత. అలుగుకూ పిడికీ నడుమ చేతికి అడ్డుగా ఉండే లోహపు ముక్క గార్డు. కత్తి పనితనాన్ని ఎరిగినవారు ముందుగా చూసేది వాలు గీత రెండు వైపులా ఒకేలా ఉన్నదా, గార్డు అలుగును సందు లేకుండా పట్టిందా, రుద్దుడు గీతలు ఒకే దిశలో సాగాయా అన్న మూడింటినే కాబట్టి, ఛాయాచిత్రానికి తీర్పు చెప్పేవారు కూడా ఆ మూడూ కనిపిస్తున్నాయా అన్న దగ్గరే మొదలుపెట్టవలసి ఉంటుంది.

ఈ రంగంలో చలామణిలో ఉన్న సలహాల్లో ఎక్కువ భాగం కెమెరా గురించీ లెన్సు గురించీ ఉంటాయి. అయితే లోపాలను ఒక్కొక్కటిగా వాటి కారణాల దాకా వెదుక్కుంటూ పోతే, వాటిలో సింహభాగం అలుగు మీద పడిన ప్రతిబింబాల దగ్గరే తేలతాయి. అందువల్ల కత్తిని ఎంత అందంగా చూపిందన్నది కాక, ఆ ప్రతిబింబాలు పనితనాన్ని, దాని లోపాలతో సహా, ఎంతవరకు చదవనిస్తున్నాయన్నదే ఛాయాచిత్రానికి సరైన కొలబద్ద అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

సంప్రదాయాలు

వస్తువును ఛాయాచిత్రంలో సాక్ష్యంగా నిలపడమనే ఆలోచన ఛాయాచిత్రకళతోనే పుట్టింది. విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844–46 మధ్య భాగాలుగా వెలువరించిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’లో అలమరలో వరసగా పేర్చిన పింగాణీ సామాను చిత్రాన్ని చేర్చి, ఆ వస్తువులు దొంగల పాలైతే ఇలాంటి చిత్రం న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పగలదని సూచించాడు. శతాబ్దం గడిచాక వాకర్ ఎవాన్స్ 1955 జూలైలో ‘ఫార్చూన్’ పత్రికకు తాపీ, రేకు కత్తెర వంటి మామూలు చేతి పనిముట్లను అలంకరణ ఏదీ లేని నేపథ్యం మీద, ఒక్కో పుటకు ఒక్కొక్కటిగా చూపి, పక్కన వాటి ధరను కూడా అచ్చువేయించాడు. పనిముట్టు రూపమే దాని అందమనీ, చుట్టూ మరేదీ చేర్చనక్కరలేదనీ భావించే ‘సాదా’ పద్ధతికి ఆ పుటలు ఇప్పటికీ ఒరవడిగా నిలుస్తాయి.

చేతి కత్తి ఒక సేకరణ వస్తువుగా మారింది ప్రధానంగా అమెరికాలో. 1950లలో న్యూయార్క్‌లోని అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ దుకాణం ద్వారా కత్తులమ్మిన బాబ్ లవ్‌లెస్, 1970లో ఏర్పడిన నైఫ్‌మేకర్స్ గిల్డ్, 1973లో ఆ గిల్డ్ ప్రదర్శనలో పొరల ఉక్కు కత్తులను చూపి, 1976లో అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ స్థాపనకు ముందు నిలిచిన బిల్ మొరాన్, ఈ వరసలో తయారీదారు పేరుకు విలువ పెరిగింది. పత్రికలు, వార్షిక సంచికలు వెలువడేకొద్దీ ఆ విలువను దూరప్రాంతాలకు మోసుకుపోయే పని ఛాయాచిత్రం మీద పడింది. రంగు నేపథ్యం, పక్కన ఒర, మూలన వాదర దగ్గరి చిత్రం లేదా వెన్ను చిత్రం అతికించిన కూర్పు అనే ‘అలంకార’ పద్ధతి రూపుదిద్దుకున్నది ఈ వాతావరణంలోనే.

జపాన్‌లో కత్తిని చిత్రంగా నమోదు చేసే ఆచారం ఛాయాచిత్రం కంటె పాతది. ఒషిగాత అనే ఆ పద్ధతిలో అలుగు మీద పలచని కాగితాన్ని పరచి, గట్టి సిరా ముద్దతో రుద్ది ఆకారాన్ని, పిడిలోకి దిగే తోక మీద చెక్కిన సంతకాన్ని యథాతథంగా ఎత్తుకుంటారు. వాదర వెంట సాగే గట్టిపడిన ఉక్కు హద్దును, అంటే హామోన్‌ను, మాత్రం వెలుతురులో అలుగును తిప్పి చూస్తూ చేత్తో గీస్తారు. కొలతకు సంబంధించిన భాగాన్ని యంత్రవత్తుగానూ, వెలుతురును బట్టి మారే భాగాన్ని నిపుణుడి చూపుతోనూ నమోదు చేయడంలో ఒక ఒప్పుకోలు ఉంది: ఉక్కు మీది కొన్ని లక్షణాలు ఏ ఒక్క కోణం నుంచీ పూర్తిగా కనిపించవు.

ఇంకొక వారసత్వం ప్రయోగశాలది. 1860లలో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ ఉక్కును అద్దంలా మెరుగుపెట్టి, ఆమ్లంతో తాకించి, సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, 1864లో ఆ నిర్మాణాల ఛాయాచిత్రాలను ప్రదర్శించాడు. వెలుతురు నిట్టనిలువుగా పడినప్పుడు నున్నని భాగం తెల్లగా మెరిసి, ఏటవాలుగా పడినప్పుడు అదే భాగం నల్లబడుతుందన్న సూత్రం ఆ పరిశీలనలకు ఆధారం. కత్తిని చిత్రించేవారికి సూక్ష్మదర్శినితో పని లేకపోయినా, ఈ సూత్రం లేకుండా అడుగు ముందుకు పడదు.

ఉక్కు వెలుతురును ఎలా తిప్పికొడుతుంది

కాగితం మీద పడిన వెలుతురు అన్ని దిక్కులకూ చెదురుతుంది కాబట్టి కాగితాన్ని ఎటునుంచి చూసినా దాదాపు ఒకే తెలుపు కనిపిస్తుంది. దీనిని క్రమరహిత పరావర్తనం అంటారు. మెరుగుపెట్టిన ఉక్కు మీద పడిన వెలుతురు ఏ కోణంలో వచ్చిందో అదే కోణంలో అవతలికి వెళుతుంది. ఇది క్రమ పరావర్తనం. దీని పర్యవసానం చాలామంది గమనించనిది: నున్నని అలుగుకు కెమెరా దృష్టిలో సొంత రంగంటూ ఉండదు, కెమెరా కోణం నుంచి అది దేన్ని ప్రతిబింబిస్తోందో దాని రంగే ఉంటుంది. గదిలో ఎంత వెలుతురున్నా, ప్రతిబింబంలో పడే చోట నల్లని కెమెరా గాని, తీసేవారి ముదురు చొక్కా గాని ఉంటే అలుగు నల్లగానే వస్తుంది. ఫిల్ హంటర్, పాల్ ఫుక్వా 1990లో ప్రచురించిన ‘లైట్: సైన్స్ అండ్ మ్యాజిక్’ అనే గ్రంథం, వస్తువు మీద ఏయే కోణాల్లో దీపం ఉంటే దాని ప్రతిబింబం కెమెరాకు చేరుతుందో ఆ కోణాల సముదాయాన్ని ముందుగా గుర్తించాలని, దీపాన్ని ఆ సముదాయంలో ఉంచడమా బయట ఉంచడమా అన్నదే మొదటి నిర్ణయమని వివరించింది. లోహవస్తువుల చిత్రణకు ఇంతకంటె పనికివచ్చే సూత్రం మరొకటి కనిపించదు.

ఈ సూత్రాన్ని కత్తికి అన్వయిస్తే లెక్కలు కట్టవచ్చు. 4 అంగుళాల సమతల అలుగును 3 అడుగుల దూరం నుంచి చిత్రిస్తూ, తెల్లని తెరను 2 అడుగుల దూరంలో పెడితే, అలుగు పొడవునా తెలుపు నిండడానికి ఆ తెర సుమారు 7 అంగుళాలు ఉంటే చాలు. అలుగును చక్రం మీద లోపలికి తొలిచి పుటాకారంగా చేసినప్పుడు లెక్క మారుతుంది. 10 అంగుళాల వ్యాసమున్న చక్రం మీద అంగుళం వెడల్పు వాలును తీస్తే, ఆ వాలు పైఅంచుకూ కిందిఅంచుకూ మధ్య తలం దాదాపు పదకొండున్నర డిగ్రీలు తిరుగుతుంది. తలం తిరిగిన దానికి రెట్టింపు పరావర్తన కిరణం తిరుగుతుంది కాబట్టి, అంగుళం వెడల్పు ఉక్కు సుమారు 23 డిగ్రీల మేర పరిసరాలను తనలో చూపుతుంది. అంటే 2 అడుగుల దూరంలో ఉన్న తెర ఆ అడ్డదిశలోనే కనీసం 10 అంగుళాలు ఉండాలి. సమతల వాలుకు చాలిన చిన్న దీపం పుటాకార వాలు మీద ఒక సన్నని తెల్లచారగా మిగిలి, తక్కినదంతా చీకటిగా రావడానికి కారణం ఇదే. తయారీదారులు ఉక్కు సరిగ్గా మెరుగు పట్టలేదని అనుమానించే సందర్భాల్లో అసలు లోపం తెర వెడల్పులోనే ఉండవచ్చు.

తెల్లని గుడారమా, హద్దున్న వెలుతురా

వెలుతురు విషయంలో అభిప్రాయాలు రెండు పాయలుగా చీలాయి. మొదటి పాయ కత్తి చుట్టూ తెల్లని పలచని గుడ్డతో గుడారంలా కట్టి బయటి నుంచి దీపాలు వేయమంటుంది. దీనివల్ల ఏ కోణం నుంచైనా అలుగులో ప్రతిబింబించేది తెలుపే కాబట్టి నల్లమచ్చలు రావు, మెరుపు కొట్టదు, కొత్తవారికి కూడా మొదటి ప్రయత్నంలోనే ఒక మాదిరి చిత్రం దక్కుతుంది. అయితే అన్ని వైపులా ఒకే తెలుపు ఉన్నప్పుడు వాలుకూ పై ముఖానికీ తేడా తెలిపే నీడ మాయమై, వాలు గీత కరిగిపోయి, అలుగు బూడిదరంగు కాగితాన్ని కత్తిరించి అంటించినట్టు తయారవుతుంది.

రెండో పాయ పెద్ద తెల్లని తెరను ఒక వైపే ఉంచి, దాని పక్కన నల్లని అట్టను నిలబెట్టి, తెలుపు నుంచి నలుపుకు మారే హద్దు అలుగు మీద ప్రతిబింబించేట్టు చూడమంటుంది. ఆ హద్దు వాలు గీత దగ్గర విరుగుతుంది, పుటాకార వాలు మీద మెల్లగా ముదురుతుంది, వాదర దగ్గరి సన్నని చివరి పదును మీద మళ్లీ వెలుగుతుంది. ఈ మూడు మార్పుల వల్లే చదునైన చిత్రంలో తలాల లోతు తెలుస్తుంది. నిటారు గీతలా ఉండవలసిన హద్దు ఎక్కడైనా అలలా వంగిందంటే అక్కడ ఉక్కు సమంగా అరగలేదని అర్థం. కార్ల కర్మాగారాల్లో రేకు మీది సొట్టలను పట్టుకోవడానికి చారల దీపాలను ప్రతిబింబింపజేసి చూసే తనిఖీ కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

ఈ రెండింటినీ పోల్చినప్పుడు గుడారం సులువైనదనీ, హద్దున్న వెలుతురు కళాత్మకమైనదనీ చెప్పి వదిలేయడం పరిపాటి. నిజానికి వాటి మధ్య తేడా సమాచారంలో ఉంది. గుడారం కత్తి లోపాన్ని కప్పిపుచ్చుతుంది, దానితోపాటే మంచి పనితనాన్నీ కప్పేస్తుంది. హద్దున్న వెలుతురు రెండింటినీ బయటపెడుతుంది. కాబట్టి తీర్పరి దృష్టిలో గుడారపు చిత్రం తప్పుల్లేని చిత్రంగా కనిపించినా, దానికి సాక్ష్యపు విలువ తక్కువ. తన వాలు గీత మీద నమ్మకమున్న తయారీదారుకు రెండో పద్ధతి నష్టం కలిగించదు.

రకరకాల మెరుగులు

అలుగు మెరుగును బట్టి వెలుతురు మారవలసి ఉంటుంది. అద్దంలా మెరిసే అలుగుకు పైన చెప్పిన లెక్కలన్నీ కచ్చితంగా వర్తిస్తాయి. గరుకు కాగితంతో పొడవునా చేత్తో రుద్ది తెచ్చిన పట్టు మెరుగు విషయంలో మాత్రం గీతల దిశ ముఖ్యమవుతుంది. పొడవునా సాగిన సన్నని గీతలు వెలుతురును తమకు అడ్డంగా, అంటే వెన్ను–వాదరల దిశలో చెదరగొడతాయి. దీపం వెన్ను వైపున ఉంటే అలుగు మెత్తగా వెలుగుతుంది. అదే దీపాన్ని మొన వైపుకు తెచ్చి పొడవు వెంట వేస్తే పొడవు గీతలు చీకటిలో పడి, అంతకుముందు గరుకు కాగితం వదిలిపోయిన అడ్డగీత ఒక్కటి మిగిలినా అది వెండి వెంట్రుకలా పైకి తేలుతుంది. పనిని తనిఖీ చేసుకోవడానికి ఈ రెండో స్థానం అక్కరకొస్తుంది, చూపడానికి మొదటిది. మొదటి స్థానంలో తీసిన ఒక్క చిత్రాన్నే చూసి రుద్దుడు నిర్దోషమని తీర్పు చెప్పడం తొందరపాటు.

పొరల ఉక్కులో రెండు రకాల ఉక్కు పలకలను కొలిమిలో అతికి, మడిచి, సాగగొట్టి, చివరకు ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ముంచుతారు. కార్బన్ ఉక్కు పొరలు నల్లబడగా, సుమారు 2 శాతం నికెల్ ఉన్న 15ఎన్20 వంటి ఉక్కు పొరలు తెల్లగా నిలుస్తాయి. తెల్ల పొరలు అద్దంలా, నల్ల పొరలు కాగితంలా ప్రవర్తిస్తాయి కాబట్టి, తెర ప్రతిబింబం కెమెరాకు చేరే స్థానంలో ఉంటే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీపం ఆ కోణాల సముదాయం బయట ఉంటే తెల్ల పొరలు చీకటై, చిత్రం మసకబారుతుంది, ఒక్కోసారి నలుపు తెలుపులు తారుమారవుతాయి. సోర్బీ సూక్ష్మదర్శిని కింద చూసిన తేడానే ఇక్కడ చేతివెడల్పు వస్తువు మీద కనిపిస్తుంది.

మూసలో కరిగించి చేసిన వూట్జ్ ఉక్కుది ఇంకా సున్నితమైన వ్యవహారం. ఇప్పటి తెలంగాణలోని నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఈ ఉక్కును చేసేవారనీ, పర్షియా వర్తకులు దాన్ని కొనడానికి వచ్చేవారనీ హెన్రీ వెస్లీ వాయ్‌సీ రాసిన వృత్తాంతం, అతని మరణానంతరం 1832లో, బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఈ ఉక్కు మీది నీటి అలల వంటి చారలు గట్టి కార్బైడు రేణువుల వరసలు. పొరల ఉక్కు చారల కంటె అవి బహు సన్నవి, తెలుపు నలుపుల తేడా కూడా తక్కువ. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం వంటి చోట్ల పాత కత్తులను అద్దాల పెట్టెల మీదుగా చూడవలసి రావడంతో, పెట్టె అద్దపు ప్రతిబింబం ఉక్కు ప్రతిబింబం మీద పడి ఆ చారలు కంటికి అందకుండా పోతాయి. లెన్సును అద్దానికి ఆనించి నల్లగుడ్డతో చుట్టడం మినహా చూపరి చేయగలిగింది తక్కువ.

హామోన్ విషయంలో తీర్పరి ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. జపాను సానపనివారు వాదర పక్కభాగాన్ని సన్నని రాతి పలుకులతో తెల్లబరిచే హదోరి అనే మెరుగును వాడతారు. మెత్తని పెద్ద వెలుతురులో తీసిన చిత్రంలో తెల్లగా కనిపించే పట్టీ చాలావరకు ఆ మెరుగుదే. గట్టి ఉక్కు అసలు హద్దు తెలియాలంటే చిన్న దీపాన్ని ఒక పక్కన ఉంచి, ఆ మెరుపు కెమెరాకు చేరే అంచున అలుగును వంచవలసి ఉంటుంది. అలాంటి అలుగుకు ఒకే చిత్రం చాలదన్న ఒషిగాత అనుభవం ఇక్కడ మళ్లీ రుజువవుతుంది.

పిడి పదార్థాల లక్షణం వేరు. కర్ర, కొమ్ము, ముత్యపు చిప్ప, రెసిన్ పట్టించిన గుడ్డ పొరలు వంటివాటి మీద పడే మెరుపు కొంతవరకు ధ్రువణం చెందుతుంది, అంటే ఆ వెలుతురు తరంగాలు ఒకే తలంలో కంపిస్తాయి. వార్నిషు తలం మీద లంబానికి సుమారు 56 డిగ్రీల కోణంలో ఈ లక్షణం గరిష్ఠంగా ఉంటుంది కాబట్టి, కెమెరాకు తగిలించిన ధ్రువణ ఫిల్టరును తిప్పితే మెరుపు తగ్గి కర్ర నార పైకి తేలుతుంది. లోహం మీది మెరుపు మీద ఇదే ఫిల్టరు ఒంటరిగా పెద్దగా పనిచేయదు. దీపానికి కూడా ఫిల్టరు వేసి రెండింటినీ అడ్డంగా నిలిపితే మెరుపు మొత్తం పోయి అలుగు సీసపు రంగుకు దిగిపోతుంది. పిడికి మేలు చేసేది అలుగుకు కీడు చేయవచ్చునన్న ఈ సంగతి తెలియకపోవడం వల్లనే ఫిల్టరు గురించి పరస్పర విరుద్ధమైన సలహాలు పుట్టాయి.

దూరం, లోతు, రంగు

లెన్సు గురించిన చర్చలో నిజంగా లెక్కలోకి వచ్చేది కెమెరా దూరం. ఫోనులోని మామూలు వెడల్పు లెన్సుతో 9 అంగుళాల కత్తిని చట్రం నిండా పట్టాలంటే ఫోనును దాదాపు 8 అంగుళాల దగ్గరికి తేవలసి వస్తుంది. అప్పుడు పిడి మొన కంటె 2 అంగుళాలు ముందుకు వంగి ఉంటే అది మూడో వంతు పెద్దదై కనిపిస్తుంది. అదే కత్తిని 3 అడుగుల నుంచి తీస్తే తేడా 6 శాతానికి పడిపోతుంది. పిడి లావుగా, మొన కుంచించుకుపోయి కనిపించే చిత్రాల్లో తప్పును తరచు కత్తి రూపం మీదికి నెట్టడం జరుగుతుంది గాని, దూరం జరిగి దగ్గరకు లాగే లెన్సును వాడితే ఆ తప్పు చాలావరకు మాయమవుతుంది.

స్పష్టంగా కనిపించే లోతు విషయంలో భయం అవసరానికి మించి ఉంది. పెద్ద సెన్సరున్న కెమెరాలో 9 అంగుళాల కత్తి చట్రంలో నిండేట్టు తీసినప్పుడు ఎఫ్/11 అపెర్చరు దగ్గర సుమారు 3 సెంటీమీటర్ల లోతు స్పష్టంగా వస్తుంది. పడుకోబెట్టిన కత్తికి అది సరిపోతుంది. వస్తువు నిజ పరిమాణంలోనే సెన్సరు మీద పడేట్టు తీసిన దగ్గరి చిత్రంలో మాత్రం ఆ లోతు మిల్లీమీటరు చిల్లరకు తగ్గుతుంది కాబట్టి, గార్డు అతుకును గాని, వెన్ను మీద ఆకురాయితో చెక్కిన నగిషీని గాని చూపాలంటే వేర్వేరు లోతుల్లో తీసిన చిత్రాలను కలపక తప్పదు.

కెమెరాలోని వెలుతురు కొలమానం ఎదుటి దృశ్యం సగటున మధ్యస్థ బూడిదరంగులో ఉందని అనుకుంటుంది. తెల్లని నేపథ్యాన్ని అది బూడిదగా, నల్లని నేపథ్యాన్ని మసకగా చేయడం దానివల్లే. ఎక్స్‌పోజరును చేత్తో సవరించి, అలుగు మీది అతి తెల్లని చోట కూడా గీతలు కనిపించేట్టు నిలపడం సరైన పద్ధతి. కిటికీ వెలుతురును, గదిలోని పసుపు బల్బును కలిపి వాడితే అలుగు ఒక పక్క నీలం, మరో పక్క పసుపు తిరుగుతుంది. బూడిద అట్టతో రంగును సరిచేసినా రెండు రంగులను ఒకేసారి సరిచేయడం సాధ్యం కాదు కనుక ఒకే రకం వెలుతురును ఎంచుకోవడమే మార్గం. కొకోబోలో వంటి ఎర్ర కర్రను కొనేవారు ఆ ఎరుపునే కొంటారు కాబట్టి ఇది నిజాయితీకి కూడా సంబంధించిన విషయం.

నేపథ్యం, కూర్పు, కొలత

కత్తి పొడవుకూ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి ఏ చట్రానికీ పొసగదు. 9 అంగుళాల పొడవు, అంగుళంపావు వెడల్పు ఉన్న కత్తిని మామూలు 3:2 చట్రంలో అడ్డంగా పెడితే అది చట్రంలో ఆరో వంతును మించి ఆక్రమించదు, తక్కినదంతా నేపథ్యమే. ఐమూలగా పెడితే స్థలం బాగా కలిసొస్తుందన్న నమ్మకం ప్రచారంలో ఉంది గాని, లెక్క కడితే కత్తి పొడవులో దక్కే లాభం ఆరేడు శాతమే. ఐమూల కూర్పుకు కంటిని నడిపించే గుణం ఉండవచ్చు. స్పష్టత పెరుగుతుందని దాన్ని సమర్థించడం మాత్రం నిలవదు.

అంత జాగా నేపథ్యానిదైనప్పుడు దాని ఎంపికలో సంయమనం కావాలి. రాళ్లు, ఎండుటాకులు, తూటాలు, బొచ్చుతోళ్లు పరచడాన్ని వ్యతిరేకించడానికి అభిరుచి కంటె బలమైన కారణం ఉంది: అలుగు వాటిని కూడా ప్రతిబింబిస్తుంది, వాటి నీడలు వాదర గీతను కొరికేస్తాయి. ఒర మాత్రం కత్తితోపాటే చేసిన పని కాబట్టి దానికి చోటు న్యాయమైనది. కత్తిని చిన్న మైనపు ముద్ద మీద ఎత్తి ఉంచితే నేపథ్యం దూరమై, నీడ మెత్తబడి, వాదర విడిగా తెలుస్తుంది.

చిత్రంలో కొలబద్ద ఉండాలా అన్న ప్రశ్నకు అలంకార పద్ధతివారు వద్దంటారు, మ్యూజియం పద్ధతివారు తప్పనిసరి అంటారు. భారతదేశంలో ఆయుధ నిబంధనలు 9 అంగుళాలకు మించి పొడవు లేదా 2 అంగుళాలకు మించి వెడల్పు ఉన్న అలుగులను, కేవలం ఇంటి, సేద్య, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవి కానప్పుడు, ఆయుధాల వర్గంలో చేర్చిన దృష్ట్యా, ఇక్కడ కొలతను దాచడం అందం కోసమైనా సమర్థనీయం కాదు. ప్రధాన చిత్రంలో కొలబద్ద లేకుండా, దానికి తోడుగా ఇచ్చే రెండో చిత్రంలో చేర్చడం రెండు పక్షాలకూ సమ్మతమైన మార్గం కాగలదు.

దిద్దుబాటు హద్దులు

కంప్యూటరులో చిత్రాన్ని దిద్దడం తప్పనడం అవాస్తవికం. ఎక్కడ ఆగాలన్నదే ప్రశ్న. నేపథ్యం మీది దుమ్ము, అలుగు మీది వేలిముద్ర, కెమెరా లోపం వల్ల వచ్చిన చుక్క వంటివి కత్తివి కావు, వాటిని తుడవవచ్చు. గార్డు దగ్గరి సందు, పొరల అతుకులో మిగిలిన నల్లగీత, పక్కకు జరిగిన వాలు గీత, రెండు వైపులా పొసగని చీలలు కత్తివి. వాటిని తుడిచిన క్షణం నుంచి చిత్రంలో ఉన్నది వేరే కత్తి. ఈ రెండు కొసల నడుమ ఉన్న, చిత్రం పదును పెంచే సవరణ చూడటానికి నిర్దోషంగా కనిపించినా, అతిగా వాడితే వాదర పక్కన తెల్లని వలయం పుట్టించి, లేని చివరి పదునును ఉన్నట్టు చూపిస్తుంది. కత్తిని చేతిలోకి తీసుకున్న కొనుగోలుదారు చిత్రంలో లేని లోపాన్ని చూస్తే ఆ సవరణ హద్దు దాటినట్టే.

తీర్పు క్రమం

పై చర్చను బట్టి మూల్యాంకనానికి ఒక వరస ఏర్పడుతుంది. మొదట ఆకారం: వెన్ను నుంచి మొన దాకా, మొన నుంచి పిడి చివరి దాకా రూపురేఖ ఎక్కడా తెగకుండా, వంకర పోకుండా వచ్చిందా. రెండవది తలాలు: వాలు గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూపుడువేలితో గుర్తించవచ్చా. మూడవది మెరుగు: అద్దమా, పట్టా, ఆమ్లపు పనా అన్నది అడగకుండా తెలుస్తోందా. నాలుగవది అతుకులు: గార్డు, చీలలు, పిడి పలకలు కలిసే చోట్లు నీడలో పడిపోలేదు కదా. ఐదవది రంగు. కూర్పు, నేపథ్యం, మొత్తం మీద కలిగే ముద్ర ఆ తరువాతవి. పోటీల్లోనూ ప్రచురణల్లోనూ ఈ వరస తరచు తలకిందులవుతుంది. మంచి కత్తి సాదాసీదా చిత్రంలో ఓడిపోయి, మామూలు కత్తి నాటకీయమైన వెలుతురులో గెలవడానికి దారి అక్కడే ఏర్పడుతుంది.

విమర్శ చేసే తీరు కూడా ఈ వరసకు తగ్గట్టుండాలి. అలుగు బాగా రాలేదన్న మాట తయారీదారుకు ఏ పనికీ రాదు. మధ్యభాగం నల్లబడింది, అది కెమెరా ప్రతిబింబం, తెరను పైకి జరిపి కెమెరాను పది డిగ్రీలు వంచితే పోతుంది అన్నప్పుడు లోపం, కారణం, మందు మూడూ ఒకేచోట దొరుకుతాయి. దిద్దుకునేవారు కూడా ఒక విడతలో ఒక్క అంశాన్నే, అంటే తెర స్థానాన్ని గాని, అట్టను గాని, దూరాన్ని గాని మార్చి, ముందు వెనక చిత్రాలను పక్కపక్కన పెట్టుకుంటే తప్ప, ఏ మార్పు ఏ ఫలితాన్నిచ్చిందో తేలదు.

ఈ పద్ధతికి ఖర్చు అడ్డు కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కల్లుగీత కత్తులు, కొడవళ్లు, కత్తిపీటలు చేసే కమ్మరి కొలిములకు గాని, ఇటీవల వంటింటి కత్తులను చేతితో చేయడం మొదలుపెట్టిన యువకులకు గాని, ఎండ నేరుగా పడని కిటికీ, దానికి కట్టిన తెల్లపంచె లేదా ట్రేసింగ్ కాగితం, ఒక థర్మాకోల్ పలక, ఒక నల్లని చార్టు, చేతి వణుకు లేకుండా ఫోనును నిలిపే ఏదో ఒక ఆధారం చాలు. పనిముట్టు కత్తిని సుత్తిదెబ్బల గుర్తులతో, కొలిమి నలుపుతో చూపడమే సబబు. దాన్ని నగలా మెరిపించాలని చూస్తే పనితనానికి గుర్తులైన ఆ ఆనవాళ్లే పోతాయి.

ముగింపు

సాదా పద్ధతి, అలంకార పద్ధతి, గుడారం, హద్దున్న వెలుతురు అనే వాదాల్లో ప్రతిదానికీ తనదైన సందర్భం ఉంది గాని, అవన్నీ సమానం కావు. చిత్రం చూపరి కంటికి మాత్రమే ఉద్దేశించినదైతే ఏ వెలుతురైనా చెల్లుతుంది. కత్తి చేతికి అందని కొనుగోలుదారు, తీర్పరి, పరిశోధకుడు దాని మీద ఆధారపడినప్పుడు మాత్రం తలాలను, అతుకులను, మెరుగును చదవనిచ్చే చిత్రమే ముందు నిలవాలి. హామోన్, వూట్జ్ చారలు, పట్టు మెరుగు గురించి చూసినట్టు, ఉక్కు మీది ప్రధాన లక్షణాల్లో కొన్ని ఒక కోణంలో కనిపించి మరో కోణంలో మాయమవుతాయి కాబట్టి, ఒకే గొప్ప చిత్రానికి బహుమతి ఇచ్చే ఆనవాయితీ కంటె, వెలుతురు స్థానాన్ని పేర్కొంటూ తీసిన రెండు మూడు చిత్రాల సమితికి తీర్పు చెప్పే ఆనవాయితీ మేలైనది. పోటీలు, ప్రచురణలు ఆ మార్పుకు సిద్ధపడితే తయారీదారులు తమ వాలు గీతలను దాచే వెలుతురును వదిలి, వాటిని చూపే వెలుతురును నేర్చుకోవడం తప్పనిసరి అవుతుంది; దాని వల్ల ఛాయాచిత్రాలతోపాటు కత్తులు కూడా మెరుగుపడతాయి.